మందుపాతర: ఈ మాట ఎక్కడిది?



మొన్న ఏప్రిల్ 4వ తేదీన ప్రార్థన దగ్గర వార్తలు చదివే వంతు నాది. ఆ రోజు ప్రపంచమంతటా మందుపాతరల గురించి జనానికి తెలియజెప్పే దినం. ఐక్యరాజ్యసమితి ఆ తేదీని 2005లో నిర్ణయించింది. ఆ సంగతి చదివి కూర్చోబోతుంటే ఆరో తరగతి తమ్ముడొకడు లేచి నిలబడ్డాడు.

"అన్నా, మందుపాతర అంటే మందులు పోసుకునే పాత్రా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "కాదురా, అది భూమిలో పెట్టే బాంబు" అన్నాను. వాడు కూర్చోలేదు. "మరి బాంబుకి మందు అని పేరెందుకు పెట్టారన్నా? మందు జబ్బు తగ్గించేది గదా" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నవ్విన వాళ్ళెవరి దగ్గరా లేదు. వాడు అడిగింది సరైన ప్రశ్నే. మనమే ఆ మాటను పేపర్లో వందసార్లు చదివి, ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. అందుకని తెలుగు మాస్టారినీ, సైన్సు మాస్టారినీ అడిగి, లైబ్రరీలో నిఘంటువులు తిరగేసి, ఇంటికి పోయినప్పుడు మా అవ్వను కూడా అడిగి ఈ వ్యాసం రాస్తున్నాను. చివరిదాకా చదవండి. చివర చెప్పిన సంగతి సరదాది కాదు.

మాటను రెండుగా విరిచి చూద్దాం

మందుపాతర అంటే మందు + పాతర. రెండూ మన పల్లె మాటలే. సంస్కృతం నుంచి వచ్చినవి కావు, ఇంగ్లీషు నుంచి వచ్చినవి కావు.

ముందు రెండో సగం చూద్దాం, అది తేలిక.

పాతర అంటే ధాన్యం దాచుకునే గొయ్యి. "పాతు" అనే క్రియ మనకు తెలుసు. గుంజ పాతుతాం, విత్తనం పాతుతాం. పాతి దాచే చోటు పాతర. దీనికీ "పాత్ర"కూ సంబంధం లేదు. పాత్ర సంస్కృత పదం, గిన్నె అని అర్థం. మన తమ్ముడు అక్కడ పొరబడ్డాడు. అయితే వాడొక్కడే కాదు, నా స్నేహితుల్లో ముగ్గురు కూడా "మందుపాత్ర" అని రాస్తున్నారు. దయచేసి ఇకమీదట ఒత్తు తీసెయ్యండి.

ఇప్పుడు మిల్లులూ, గోడౌన్లూ, గోతాలూ వచ్చాక పాతరలు కనిపించడం లేదు గానీ, మా అవ్వ చిన్నప్పుడు జొన్నలు పాతరలోనే ఉండేవట. నీళ్ళు ఊరని మెరక చోటు చూసి లోతుగా గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మళ్ళీ గడ్డి వేసి మట్టితో మూసేవాళ్ళు. పురుగు చేరదు, దొంగకు తెలియదు, ఇల్లు తగలబడినా గింజలు మిగులుతాయి. గుంటూరు సీమలో 1832–33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. దాన్నే డొక్కల కరువు అని కూడా అంటారు. అలాంటి కరువులు చూసిన నేల మీద పాతరంటే ఏమిటో ఊహించుకోండి. పాతరలో గింజలుంటే ప్రాణం ఉన్నట్టు.

మా అవ్వ ఇంకో మాట చెప్పింది. "పాతర తెరవంగానే దిగగూడదురా. కాసేపు గాలి ఆడనియ్యాల. తొందరపడితే లోపలే పడిపోతారు" అంది. దీని గురించి సైన్సు మాస్టారిని అడిగాను. మూసిపెట్టిన గింజలు కూడా ఊపిరి పీల్చి కార్బన్ డై ఆక్సైడ్ వదులుతాయట. అది గాలికన్నా బరువు గనక గొయ్యి అడుగున నిలిచిపోతుంది. అంటే మంచి పాతర దగ్గర కూడా జాగ్రత్త తెలిసుండాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇంగ్లీషు వాళ్ళు మందుపాతరను "మైన్" అంటారు. మైన్ అంటే గని. బొగ్గు గని, సున్నపురాయి గని అంటామే, అదే మాట. ఇది యుద్ధంలోకి ఎట్లా వచ్చిందంటే, పాతకాలంలో కోటను ముట్టడించిన సైన్యం గోడ కిందికి రహస్యంగా సొరంగం తవ్వేది. కొయ్యలతో పైకప్పు నిలబెట్టి, ఆ కొయ్యలకు నిప్పు పెడితే సొరంగం కూలి, దానితోపాటు గోడా కూలేది. తుపాకిమందు వచ్చాక ఆ సొరంగంలో మందు కూరి పేల్చడం మొదలుపెట్టారు. సొరంగం తవ్వడం పోయినా "మైన్" అనే పేరు మాత్రం మిగిలింది. వాళ్ళు గని అన్నారు, మనం పాతర అన్నాం. రెండు పేర్లూ తవ్వే పనిలోంచి పుట్టినవే. తెలుగులో ఈ పేరు పెట్టినవాళ్ళు ఎవరో గానీ ఇంగ్లీషును మక్కీకి మక్కీ దించకుండా మన పెరట్లోని మాట తీసుకున్నారు.

మందు అనే మాటకు ఎన్ని ముఖాలు!

ఇక మొదటి సగం. మన హాస్టల్లో ఒక్కరోజు విన్న మాటలు రాసుకున్నాను, చూడండి.

నర్సమ్మ గారు: "జ్వరం మందు వేసుకున్నావా?" ఇక్కడ మందు అంటే ఔషధం.

సెలవుల నుంచి వచ్చిన మిత్రుడు: "మా నాన్న మిరపతోటకి మందు కొట్టడానికి పోయాడు." ఇక్కడ పురుగుమందు.

వాచ్‌మన్ తాత: "ఆ పక్కింటాయన మళ్ళీ మందు కొట్టాడు." ఇక్కడ సారా. చూశారా, "మందు కొట్టాడు" అనే రెండు మాటలే, తోటలో ఒక అర్థం, ఇంట్లో ఇంకో అర్థం!

దీపావళికి మనం: "సీసాలో ఔటుకు మందు తక్కువ కూరారు." ఇక్కడ పేలుడు మందు.

ఊళ్ళో ఎవరికైనా మతి చెడితే ముసలమ్మలు: "ఎవరో మందు పెట్టారు." ఇది మూఢనమ్మకం గానీ, మాటైతే ఉంది.

ఒకే మాట ఇన్ని పనులు ఎట్లా చేస్తోంది? పాత నిఘంటువులు చూస్తే మందు అంటే ఔషధం అనీ, తుపాకిమందు అనీ రెండూ కనిపిస్తాయి. నూరి, కలిపి, కొలత ప్రకారం తయారుచేసి, కొంచెం వాడితేనే పెద్ద ఫలితం ఇచ్చేది ఏదైనా మనవాళ్ళకు మందే. వైద్యుడు వేర్లు నూరినట్టే తుపాకిమందు చేసేవాడు మూడు దినుసులు నూరి కలుపుతాడు. అవి సురేకారం, గంధకం, బొగ్గు. సురేకారాన్నే పెట్లుప్పు అంటారు. ఈ మూడింట్లో గంధకం గజ్జికి పూసే మందులో కూడా పడుతుంది. అందుకే మందుల అంగడి మాటే ఆయుధాల కొట్టులోకి పోయింది. "మందుగుండు" అనే మాట విప్పితే మందు + గుండు. తుపాకిలో ముందు మందు పోసి, తర్వాత గుండు పెట్టేవాళ్ళు గనక రెండూ కలిసి మందుగుండు అయ్యాయి. ఇప్పుడు చిచ్చుబుడ్డికి గుండు లేకపోయినా మందుగుండు సామాను అనే అంటున్నాం.

ఇది మన తెలుగువాళ్ళ చమత్కారమే అనుకుంటే పొరపాటు. చుట్టుపక్కల చూడండి.

తమిళంలో ఔషధాన్ని మరుందు అంటారు, పేలుడు మందును వెడిమరుందు అంటారు. కన్నడంలో రెంటికీ మద్దు అనే మాటే ఉంది. మందుగుండును వాళ్ళు మద్దుగుండు అంటారు. మలయాళంలో మరున్ను, వెడిమరున్ను.

మన సుగాలి మిత్రులు సారాను "దారు" అంటారు గదా. ఆ దారు అసలు పారశీకం నుంచి వచ్చింది. అక్కడ దానికి అర్థం ఔషధం! హిందీలోకి వచ్చి సారా అయింది. మరాఠీలో ఇంకో అడుగు వేసి పేలుడు మందు కూడా అయింది. మరాఠీవాళ్ళు మందుగుండును దారూగోళా అంటారు. అంటే మన "మందు" ఏ మూడు మెట్లు ఎక్కిందో, ఎక్కడో పుట్టిన "దారు" కూడా ఆ మూడు మెట్లే ఎక్కింది. తొమ్మిదో తరగతిలో నా పక్కన కూర్చునే మిత్రుడు ఈ సంగతి విని "అయితే మా మాట మీ మాట అన్నదమ్ములు" అన్నాడు. అన్నదమ్ములు కాదు గానీ, ఒకే దారిలో నడిచిన బాటసారులు.

ఇంకా దూరం పోతే చైనా. తుపాకిమందు పుట్టిల్లు అదే. చైనా భాషలో దాని పేరు "హువో యావో". హువో అంటే నిప్పు, యావో అంటే మందు. నిప్పుమందు! దీని వెనక కథ ఉంది. సుమారు తొమ్మిదో శతాబ్దంలో అక్కడి రసవాదులు చావు లేకుండా చేసే మందు కోసం గంధకం, సురేకారం వంటివి కలిపి చూస్తుండేవారు. ఆ వెతుకులాటలో ఈ నిప్పుమందు బయటపడింది. 1044లో చైనాలో తయారైన యుద్ధ గ్రంథంలో దాని పాళ్ళు రాసిపెట్టారు. చావును తప్పించే మందు కోసం బయల్దేరి, చంపే మందు దగ్గర తేలారు.

మిగతా పేలుడు పదార్థాల పుట్టుక

ఇది చదివాక నాకు ఆశ పెరిగి మిగతావాటి చరిత్ర కూడా చూశాను.

టీఎన్‌టీ: పూర్తి పేరు ట్రైనైట్రోటాల్యుయీన్. 1863లో జర్మనీలో విల్‌బ్రాండ్ అనే రసాయనవేత్త దీన్ని మొదట తయారుచేశాడు. ఎందుకో తెలుసా? పసుపు రంగు అద్దకం కోసం! అది పేలుతుందని వాడుకలోకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆర్‌డీఎక్స్: 1993 మార్చి 12న బొంబాయిలో వరస పేలుళ్ళు జరిగాక ఈ పేరు మన పేపర్లలో ఇంటింటి మాట అయింది. ఇది పొట్టి పేరు. "రీసెర్చ్ డిపార్ట్‌మెంట్ ఎక్స్‌ప్లోజివ్" అనే ఇంగ్లీషు మాటలకు గుర్తు అని ఎక్కువగా చెబుతారు. అంటే పరిశోధన శాఖ వారి పేలుడు పదార్థం అని అర్థం. ఆ పేరులో ఆ పదార్థం గురించి ఒక్క ముక్క లేదు. జర్మన్లు దాన్నే హెక్సోజన్ అన్నారు, అమెరికావాళ్ళు సైక్లోనైట్ అన్నారు. 1898లో హెన్నింగ్ అనే జర్మన్ దీనికి పేటెంటు తీసుకున్నాడు. అప్పుడు ఆయన మనసులో ఉన్నది ఔషధం. ఇదీ మందుగా పుట్టినదే!

డైనమైట్: 1867లో ఆల్ఫ్రెడ్ నోబెల్ పెట్టిన పేరు. గ్రీకు భాషలో డైనమిస్ అంటే శక్తి. అందులో ఉండే నైట్రోగ్లిజరిన్‌ను 1847లో ఇటలీలో సోబ్రెరో కనిపెట్టాడు. అదే నైట్రోగ్లిజరిన్‌ను గుండెనొప్పికి ఔషధంగా ఇప్పటికీ ఇస్తారు. నోబెల్‌కు ముసలితనంలో గుండెజబ్బు వస్తే డాక్టర్లు ఆయనకు రాసిచ్చింది కూడా అదే. తాను పేల్చినదే తనకు మందైంది.

ఇప్పుడు ఆరో తరగతి తమ్ముడికి జవాబు చెప్పగలను. బాంబుకి మందు అని పేరు పొరపాటున రాలేదురా. ఒకే దినుసు ఒకచోట ప్రాణం నిలుపుతుంది, ఇంకోచోట తీస్తుంది. కొలత, చోటు, చెయ్యి మారితే మందు మారిపోతుంది. మన పెద్దలు ఈ మాటను తెలిసి అన్నారో తెలియక అన్నారో గానీ, అన్నది నిజమే.

కత్తి పేరు పెట్టుకున్న మందుపాతర

2003 అక్టోబర్ 1న తిరుపతి దగ్గర అలిపిరిలో అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు గారి కారు మీద దాడి జరిగింది. తిరుమల బ్రహ్మోత్సవాలకు పోతుండగా పేలుళ్ళు జరిగాయి. ఆయన గాయాలతో బయటపడ్డారు. అప్పుడు పేపర్లన్నీ "క్లేమోర్ మందుపాతరలు" అని రాశాయి. అంతకు మూడేళ్ళ ముందు, 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర మంత్రి మాధవరెడ్డి గారు మందుపాతర పేలుడులో చనిపోయారు. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్న చర్చ ఈ వ్యాసానిది కాదు. మాట సంగతి చూద్దాం.

క్లేమోర్ అనేది ఊరి పేరా, మనిషి పేరా? రెండూ కాదు. అది కత్తి పేరు. బ్రిటన్‌కు ఉత్తరాన స్కాట్లండ్ ఉంది. అక్కడి కొండజనం భాష గేలిక్. ఆ భాషలో క్లైవ్ అంటే కత్తి, మోర్ అంటే పెద్ద. రెండు చేతులా పట్టి తిప్పే పెద్దకత్తిని ఆ పేరుతో పిలిచేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళ నోట్లో అది క్లేమోర్ అయింది. 1950లలో అమెరికాలో నార్మన్ మెక్‌లియాడ్ అనే ఆయన కొత్తరకం మందుపాతరను తయారుచేసి దానికి ఈ కత్తి పేరు పెట్టాడు. మెక్‌లియాడ్ అనే ఇంటిపేరు కూడా స్కాట్లండుదే. తన పూర్వీకుల నేల మీది కత్తి పేరును తెచ్చి ఆయుధానికి తగిలించాడన్నమాట. కొండజనం భాషలోని మాట ఒకటి అట్లా ప్రపంచంలోని సైన్యాలన్నిటి నోట్లో పడింది.

పేరు తగిందే. మామూలు మందుపాతర భూమిలో ఉండి పైకి పేలుతుంది. క్లేమోర్ భూమిలో ఉండదు. కొంచెం వంపు తిరిగిన పెట్టె, కింద కాళ్ళుంటాయి, నేల మీద నిలబడుతుంది. లోపల సుమారు 700 ఉక్కు గుండ్లు. పేలితే అవన్నీ ఒకే వైపుకి, విసనకర్ర విప్పినట్టు 60 డిగ్రీల మేర దూసుకుపోతాయి. పెద్దకత్తి ఒక్కసారి అడ్డంగా తిప్పినట్టు. దాని ముందువైపు "ఈ వైపు శత్రువు వైపుకి" అనే అర్థం వచ్చేట్టు ఇంగ్లీషులో అచ్చు పోసి ఉంటుంది. పెట్టే సైనికుడు తడబడకుండా ఉండటానికి.

ఇక్కడొక చిక్కు చూడండి. క్లేమోర్‌ను ఎవరూ పాతరు. అయినా మనం దాన్ని మందుపాతర అనే అంటున్నాం. పేరు చూసి "ఇది భూమిలోనే ఉంటుంది, పైన కనిపించే డబ్బాతో భయం లేదు" అనుకుంటే ప్రాణానికే ముప్పు. పేరు ఎక్కడ పుట్టిందో చెబుతుంది గానీ, ఎదురుగా ఉన్న వస్తువు ఎట్లా ఉంటుందో పూర్తిగా చెప్పదు.

ఇదంతా మనకెందుకు?

ఇదంతా ఎక్కడో జరిగే యుద్ధం సంగతి అని మీకు అనిపించవచ్చు. నాకూ అట్లాగే ఉండేది.

పోయిన దసరా సెలవుల్లో మా బంధువుల ఊరు పోయాను. ఆ ఊరి పక్కన పని ఆగిపోయిన రాతి క్వారీ గుంట ఉంది. మా పిన్ని కొడుకు, ఏడేళ్ళవాడు, అక్కడ మేకలు తోలుకుపోయి చిన్న వెండి గొట్టం లాంటిది తెచ్చాడు. వేలంత కూడా లేదు. దాని చివర రెండు రంగుల వైర్లు. భలే ఉందని టార్చి బ్యాటరీకి తగిలించి లైటు వెలుగుతుందేమో చూద్దామని కూర్చున్నాడు. ఇంకో నిమిషం ఆగితే ఏమయ్యేదో! క్వారీల్లో డ్రిల్లు పనిచేసే మా మామ అప్పుడే వచ్చి చూశాడు. అరవలేదు. మెల్లగా "నాయనా, చేతిలోది అట్టా కింద పెట్టి నా దగ్గిరికి రా" అన్నాడు. వాడు వచ్చాక గట్టిగా పట్టుకుని వణికిపోయాడు. అది డిటోనేటర్. పెద్ద తూటాను పేల్చడానికి ముందుగా పేల్చే చిన్న గొట్టం. చిన్నదే గానీ వేళ్ళు, కళ్ళు పోగొట్టడానికి అది చాలు.

"ఎందుకు మామా? అదేంది?" అని వాడు అడిగాడు.

"అందులో మందుందిరా."

"ఏం జబ్బుకి మామా?"

మేం పెద్దవాళ్ళం తర్వాత నవ్వుకున్నాం. మామ మాత్రం నవ్వలేదు. ఏప్రిల్ 4న తమ్ముడు ప్రార్థన దగ్గర లేచి అడిగినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. కూర్చున్నాక ఆ వెండి గొట్టం గుర్తొచ్చింది. ఇద్దరు పిల్లలూ అడిగింది ఒకే ప్రశ్న.

మన చుట్టూ చూడండి. పిడుగురాళ్ళ, మాచర్ల వైపు సున్నపురాయి గనులు. చీమకుర్తి వైపు గ్రానైటు క్వారీలు. ఊళ్ళలో బావులు తవ్వేటప్పుడు రాయి అడ్డుపడితే తూటాలు పేలుస్తారు. ఆ మందు వల్లే చాలా బావుల్లో నీళ్ళు పడ్డాయి, అది మరువకూడదు. నల్లమల అంచు ఊళ్ళలో అడవిపందుల కోసం కొందరు దొంగచాటుగా నాటుబాంబులు పెడతారు. అది నేరం. పశువులు, మనుషులు వాటి మీద కాలేస్తే అంతే. చెంచు పిల్లలం, యానాది పిల్లలం, సుగాలి, ఎరుకల పిల్లలం సెలవులకు ఇంటికి పోతే మేకల వెంట, కట్టెల కోసం, తేనె కోసం ఆ దారుల్లోనే తిరుగుతాం.

ఇక మిరప, పత్తి చేల సంగతి. అక్కడ పేలే మందు లేదు గానీ మందు ఉంది. మన అమ్మానాన్నలు కోతలకు వలస పోయే చేలన్నీ మందు కొట్టిన చేలే. 1987–88లో తెల్లదోమ వల్ల పత్తి పోయి, అప్పులు తీర్చలేక గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎంతోమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. చాలామంది చేలో కొట్టడానికి తెచ్చిన మందే తాగారు. అప్పటి నుంచి మన పల్లెల్లో "మందు తాగాడు" అని ఎవరైనా పరుగెత్తుకొస్తే ఏ మందు అని అడిగేవాళ్ళు లేరు. ఒక మాట అర్థం అంత కష్టంగా మారిపోయింది. ఇంట్లో ఎవరైనా దిగులుగా మాట్లాడకుండా కూర్చుంటే ఒంటరిగా వదలకండి, పెద్దవాళ్ళకు చెప్పండి. పురుగుమందు డబ్బాలు చేతికందే చోట ఉంచొద్దని ఇంట్లో చెప్పండి. ఖాళీ అయిన డబ్బాను కడిగి నీళ్ళకు వాడుకోవడం అసలు వద్దు. ఎంత కడిగినా పోదు.

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నాలుగు మాటలు

ఒకటి. క్వారీ దగ్గర, అడవిలో, దారి పక్కన ఎవరిదో తెలియని డబ్బా, వైరు, గొట్టం, ఉండ కనిపిస్తే ముట్టుకోవద్దు. రాయి విసరొద్దు. కాలితో తన్నొద్దు.

రెండు. వచ్చిన దారినే, వేసిన అడుగుల్లోనే వెనక్కి రండి. పక్కవాళ్ళను కూడా ఆపండి.

మూడు. చోటు గుర్తుపెట్టుకుని పెద్దవాళ్ళకు చెప్పండి. వాళ్ళు పోలీసులకు చెబుతారు. 112కి ఫోను చేయవచ్చు. ఎవరికైనా దెబ్బ తగిలితే 108.

నాలుగు. ఇంట్లో చిన్నపిల్లలతో "అందులో మందుంది" అని ఊరుకోవద్దు. ఏ మందో చెప్పండి. పేలే మందా, పురుగుమందా, జ్వరం మందా. మా పిన్ని కొడుక్కి ఎవరూ చెప్పలేదు గనకనే వాడు బ్యాటరీ తెచ్చుకున్నాడు.

చివరిగా

మనుషుల మీద పెట్టే మందుపాతరలు వద్దని 1997లో ప్రపంచ దేశాలు కెనడాలోని ఒట్టావాలో ఒక ఒప్పందం చేసుకున్నాయి. అది 1999 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. నూట అరవైకి పైగా దేశాలు చేరాయి. మన దేశం అందులో చేరలేదు. అమెరికా, రష్యా, చైనా కూడా చేరలేదు. 2025లో యూరప్‌లోని కొన్ని దేశాలు బయటికి పోతామని నిర్ణయించాయి. అంటే ఈ గొడవ ఇంకా తెగలేదు. ఆ ఒప్పందం కోసం పోరాడిన జోడీ విలియమ్స్‌కూ, ఆవిడతో కలిసి పనిచేసిన ఉద్యమానికీ 1997లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. డైనమైట్ అమ్మిన డబ్బుతో పెట్టిన బహుమతి మందుపాతరలు వద్దన్నవాళ్ళకు చేరింది!

ఈ వ్యాసం రాసి మా అవ్వకు చదివి వినిపించాను. అంతా విని ఒకటే అంది. "పాతరంటే మనిషి ఆకలికి దాచుకునేది. అందులో చావును పెట్టినోళ్ళు ఆ పేరెందుకు వాడుకున్నారో." నేను మాట పుట్టుక అంతా చెప్పాను గానీ, ఆవిడ అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ధాన్యపు పాతరను పెట్టినవాడే తెరుస్తాడు. మందుపాతరను పెట్టినవాడు వెళ్ళిపోతాడు. ఆ తర్వాత అది సైనికుడిదా, మేకలు కాసే పిల్లవాడిదా అని కాలును చూసి పేలదు.

మిత్రులారా, మీ ఇళ్ళల్లో, మీ భాషల్లో మందుకు, పాతరకు ఏమంటారో చీటీ మీద రాసి గోడపత్రిక కింద ఉన్న పెట్టెలో వేయండి. చెంచు, సుగాలి, ఎరుకల, యానాది మిత్రులు తప్పకుండా రాయాలి. అన్నీ కలిపి వచ్చే సంచికలో వేద్దాం. ప్రార్థన దగ్గర ప్రశ్న అడిగిన తమ్ముడికి ఈ వ్యాసం అంకితం. ఈసారి వాడు లేచి అడిగితే ఎవరూ నవ్వొద్దు.

— 9వ తరగతి విద్యార్థి